రాయిని తడిపి చూపే ఇంటివాడు

ఆయన పోయిన సంగతి నాకు పద్నాలుగు నెలలు ఆలస్యంగా తెలిసింది. పొలం కాగితాల పని మీద ఆళ్లగడ్డకు పోయాను. ఆఫీసులో సారు భోజనానికి పోయాడని, రెండు గంటలు ఆగమని చెప్పారు. ఆ రెండు గంటలు ఎక్కడ గడపాలో తెలియక రోడ్డు పక్కన శిల్పుల షెడ్ల వైపు నడిచాను. ఉలి చప్పుడు చెవిన పడగానే ఆయన గుర్తొచ్చాడు. నిజం చెప్పాలంటే అన్నేళ్లూ గుర్తు రాక కాదు, రానివ్వలేదు. ఒక షెడ్డు ముందు నంది మూపురం చెక్కుతున్న మనిషిని అడిగాను. అతను చేతి పని ఆపకుండానే, "మా చిన్నాయన పోయి ఏడాది దాటిందప్పా" అన్నాడు.

నంద్యాలలో సంజీవనగర్ గేటు దగ్గర నాకొక నెట్ సెంటరు ఉండేది. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గాని, అప్పుడు ఒక ఫోటో తెరుచుకోవాలంటే తల ముందు కనిపించి, కాళ్లు కనపడేసరికి టీ తాగి రావచ్చు. పన్నెండు కంప్యూటర్లు, అన్నిటికీ కలిపి ఒక్క సన్నటి లైను. ఆ పన్నెండింటికీ లైనుకూ నడుమ, వెనక గదిలో, ఒక పాత కంప్యూటరు ఉండేది. పుస్తకాల్లో దాన్ని ట్రాన్స్‌పరెంట్ ప్రాక్సీ అంటారు. ఆయన నడిమి పెట్టె అనేవాడు. ఎవరైనా ఒక పేజీ అడిగితే అది బయటి నుంచి తెచ్చి ఇచ్చి, ఒక నకలు తన దగ్గర దాచుకునేది. ఇంకొకరు అదే పేజీ అడిగితే మళ్లీ బయటికి పోకుండా దాచిన నకలే ఇచ్చేది. అందువల్లే ఆ సన్నటి లైను మీద పన్నెండు మంది బతికారు. కుర్చీలో కూర్చున్న మనిషికి మాత్రం నడుమ అలాంటిదొకటి ఉందనే తెలియదు. ఆ పెట్టెను కాచుకునేవాడు ఒకడు వెనక గదిలో ఉన్నాడనీ తెలియదు. ఆయనకు అదే ఇష్టంగా ఉండేది.

ఆయన ఆళ్లగడ్డ శిల్పుల ఇంటి మనిషి. ముప్పై ఏళ్లు దాటేదాకా రాయి చెక్కాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందని, ఇక ఉలి ముట్టొద్దని కర్నూలు పెద్దాసుపత్రిలో చెప్పారట. తర్వాత రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేశాడు. ఆ తర్వాత కంప్యూటర్లకొచ్చాడు. చదివింది పదో తరగతి. కంప్యూటరు పత్రికలతో పాటు వచ్చే సీడీలు, పక్కన ఒక నిఘంటువు, ఇవే ఆయన కాలేజీ. ఇంగ్లీషు పుస్తకాన్ని వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, చిన్న పిల్లవాడిలా చదివేవాడు. కాని ఒకసారి చదివింది మళ్లీ చదవడం నేను చూడలేదు. ఇంజనీరింగ్ చదివిన వాళ్లు నా సెంటరుకొచ్చి ఆయన్ని సందేహాలు అడిగి పోయేవాళ్లు. నా కంటే పన్నెండేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను అప్పా అనేవాడు.

రాయి చెక్కిన చెయ్యి ఊరికే ఉండదు. ఎక్కడ రాయి కనపడినా వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టేవాడు. నేను ముచ్చటపడి వేయించుకున్న గ్రానైటు బల్లను మొదటి రోజే కొట్టి చూసి, "దీంట్లో పగులుందప్పా, వాపసు ఇయ్యి" అన్నాడు. భూతద్దం పెట్టి వెతికినా నాకేం కనపడలేదు. నవ్వి ఊరుకున్నాను. ఆరు నెలలకు ప్రింటరు పెట్టినంత మేరా విరిగి నా కాలి మీదే పడింది. కట్టు కట్టించుకుని కుంటుతూ వస్తే, చెప్పాను కదా అనలేదు. సిమెంటు తెచ్చి అతికించి ఇచ్చాడు.

పెట్టె పడిపోయినప్పుడు ఆయన్ని చూడాలి. పన్నెండు తెరలూ ఒక్కసారి బిగుసుకుపోయేవి. పన్నెండు మందీ నా మీద అరిచేవాళ్లు, నేను ఆయన మీద అరిచేవాణ్ణి. బటన్ నొక్కి మళ్లీ లేపడం నాకూ తెలుసు. ఆయన నొక్కనిచ్చేవాడు కాదు. గది బయట చెప్పులు విడిచి, గొంతుకూర్చుని, జ్వరం చూసినట్టు చేతి వెనక వైపు పెట్టె ఒంటి మీద పెట్టేవాడు. తర్వాత చెవి ఆనించి వినేవాడు. తర్వాత చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకునేవాడు. "లేపేస్తే ఎట్ల పడిందో తెలీకపోతాది. రేపు మళ్లా పడుతాది" అనేవాడు.

అంతటితో అయ్యేదా? కాదు. ఒక్కొక్క కుర్చీ దగ్గరికి పోయి, పడిపోయే ముందు ఏం చూస్తున్నారని అడిగేవాడు. డాక్టరు ఏం తిన్నావని అడిగినట్టే. డిగ్రీ కుర్రాళ్లు చెమటలు కక్కేవాళ్లు. ఒకడు అమెరికా ఎన్నికలని చెప్పాడు. ఆయన నమ్మి అదే రాసుకున్నాడు. ఆ పుస్తకం తర్వాత నేను దొంగచాటుగా చదివి పడి పడి నవ్వాను. "పదకొండూ పదికి పడింది. నాలుగో దాంట్లో పెండ్లి సంబంధాలు. తొమ్మిదో దాంట్లో అమెరికా ఎన్నికలు. ఒళ్లు వేడి లేదు." ఇలా ఉండేవి రాతలు.

ఆ ఏడు ఎండాకాలం చివర, ఫలితాలూ కౌన్సెలింగులూ మొదలైన రోజుల్లో, నడిమి పెట్టె రోజూ పడసాగింది. ఉదయం పదిన్నర, పదకొండు మధ్య. మెమరీ మార్చాడు. ఫ్యాను మార్చాడు. కరెంటు హెచ్చుతగ్గులేమోనని మా ఇంటి స్టెబిలైజరు తెచ్చి పెట్టాడు, మా ఆవిడ ఫ్రిజ్జు లేక నన్ను తిట్టింది. అయినా పడింది. తొమ్మిది రోజుల రాతలు పక్కపక్కన పెట్టుకుని చూసి, పదో రోజు చెప్పాడు. పేజీలు తేవడానికి ఆ పెట్టె బయటికి ఒకేసారి ఎన్ని తలుపులు తెరవొచ్చో దానికొక హద్దు ఉందట. ఫలితాల రోజుల్లో అందరూ ఒక్కసారి మీద పడుతున్నారు, హద్దు దాటగానే పడిపోతోంది. హద్దు పెంచాలంటే లోపలి ప్రోగ్రామును మొదటి నుంచి మళ్లీ కట్టాలి. సెంటరు ఒక రోజు మూయాలి.

నేను ఒప్పుకోలేదు. ఎదురుగా ఇంకో సెంటరు తెరిచారు. సీజన్లో ఒక్క రోజు మూస్తే జనం అటు అలవాటు పడతారని నా ప్రాణం కొట్టుకుంది. ఆదివారం చూద్దాం, అప్పటిదాకా ఏదో ఒకటి చేసి పడకుండా చూడమన్నాను. ఆయన చాలాసేపు తల గోక్కున్నాడు. చివరికి సోమవారం పొద్దున ఒక చిట్కా చేశాడు. ఒకసారి తెచ్చిన పేజీని ఒక రోజంతా మళ్లీ బయట అడగొద్దని, దాచిన నకలే ఇమ్మని పెట్టెకు చెప్పాడు. తలుపులు తక్కువ తెరుచుకుంటాయి, పెట్టె పడదు. "కాని ఇది మంచి పని కాదప్పా. ఆడ పేజీ మారినా ఈడ పాతదే వస్తాది" అన్నాడు. ఒక అట్టముక్క మీద ఎర్ర సిరాతో రాసి అద్దం తలుపుకు అంటించాడు. కొన్ని పేజీలు నిన్నటివి కావచ్చు, ముఖ్యమైనవైతే వెనక గదిలో నన్ను అడగండి అని.

ఆ సాయంత్రం ఆయన ఆళ్లగడ్డ బస్సెక్కాక ఆ అట్టముక్క నేను పీకేశాను. నిన్నటి పేజీలు చూపించే సెంటరుకు ఎవడొస్తాడు? మర్నాడు ఆయన ఖాళీ తలుపు చూశాడు, నన్ను చూశాడు. నేను చిల్లర వెతుక్కుంటున్నట్టు సొరుగులోకి తల దూర్చాను.

పెట్టె ఆ వారమంతా పడలేదు. నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. ఆదివారం మాట ప్రకారం మూశాను, ఆయన హద్దు పెంచి, చిట్కా తీసేసి, పెట్టెను బాగుచేశాడు. అంతా అయిపోయిందనుకున్నాను.

మంగళవారం ఒక రైతు, అతని కూతురు వచ్చారు. కోయిలకుంట్ల దగ్గర పల్లె. ఆ అమ్మాయి అంతకు ముందు మంగళవారం మా ఏడో కంప్యూటరు ముందు కూర్చుని, టీచర్ ట్రైనింగ్ సీటుకు తన ర్యాంకు వాళ్లను ఎప్పుడు పిలిచారో చూసుకుంది. వచ్చే సోమవారం అని ఉంది. ప్రింటు తీసి ఇచ్చింది నేనే. సోమవారం తండ్రీకూతుళ్లు కర్నూలు పోతే, మీ ర్యాంకు వాళ్లను శనివారానికి మార్చాం కదా, సీట్లు అయిపోయాయి అన్నారట. పేపర్లో కూడా వేశారట. ఆ ఊరికి పేపరు రాదు. ఇప్పుడు ఆ ప్రింటు పట్టుకుని, ఇది మీరిచ్చిందే కదా, ఇందులో మేమేమైనా తప్పు చదివామా అని అడగడానికి వచ్చారు. రైతు నన్ను ఒక్క మాట అనలేదు. అన్నదంతా కూతుర్నే. చదువుకున్నదానివి కాదా, తర్వాత ఇంకోసారి చూసుకోవద్దా అని అందరి ముందూ తిట్టాడు. ఆ పిల్ల కళ్లెత్తలేదు. నేను తడుముకోకుండా, వాళ్లు తర్వాత మార్చుంటారు, మనమేం చేస్తాం అని చెప్పి పంపేశాను. అప్పటికి నాకూ నిజం తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

ఆయన వెనక గదిలోంచి విన్నాడు. ఎవరు ఏ పేజీ అడిగారో, దాన్ని బయటి నుంచి తెచ్చిందో, దాచిన నకలు ఇచ్చిందో నడిమి పెట్టె వరుసగా రాసి పెట్టుకుంటుంది. గంటసేపు ఆ రాతలు వెతికి నన్ను పిలిచాడు. వేలు పెట్టి ఒక వరస చూపించాడు. మంగళవారం, ఏడో కంప్యూటరు, ఆ పేజీ, నకలు. ఆ నకలు దాచింది అంతకు ముందు రోజు, సోమవారం మధ్యాహ్నం. ఆ పిల్ల వచ్చేసరికి అక్కడ పేజీ మారిపోయింది.

"ఇది మన తప్పు" అన్నాడు.

మెల్లగా మాట్లాడమని చెప్పి తలుపు దగ్గరికి వేశాను. ఈ సంగతి మనిద్దరికి తప్ప ఎవరికీ తెలియదని, చెప్పినా సీటు తిరిగి రాదని, సెంటరు పేరు మాత్రం పోతుందని నచ్చజెప్పాను. బతిమాలాను కూడా. ఆయన అడ్డుపడకుండా అంతా విని, తన నాయన సంగతి చెప్పాడు. వాళ్లింట్లో విగ్రహం ఇచ్చేటప్పుడు, తీసుకుపోయే వాళ్ల కళ్ల ముందు నీళ్లు పోసి ఆరేదాకా నిలబడతారట. పగులుంటే, ఎంత నున్నగా పూత పెట్టినా, మిగతా రాయి ఆరిపోయాక పగులు వెంట తడి సన్నటి గీతగా నిలిచిపోతుంది. ఒకసారి ఆంజనేయుడి భుజం మీద అలా గీత కనపడితే, ఏడు నెలల పనిని ఊరి వాళ్ల ముందే పక్కన పెట్టేసి, మళ్లీ మొదటి నుంచి చెక్కాడట వాళ్ల నాయన.

"తడపకపోతే ఎవురికీ తెలీదు. అందుకే తడపల్ల" అన్నాడు. అంతే, ఇక వాదించలేదు.

మర్నాడు ఉదయం కోయిలకుంట్ల బస్సులో ఆయన పక్కన నేనూ కూర్చున్నాను. తోడు పోయానని అనుకోకండి. దారిలోనైనా మనసు మారుస్తానేమోనని పోయాను. ఆయన టవలు మూతికి అడ్డం పెట్టుకుని, దగ్గుతూ, కిటికీలోంచి నల్లరేగడి చేలు చూస్తూ కూర్చున్నాడు.

రైతు ఇంటి ముందు గుంటక బాగుచేసుకుంటున్నాడు. ఆయన చెప్పులు విడిచి, నిలబడే చెప్పాడు.

"అన్నా, మీ పాప సరిగ్గానే చూసింది. మా పెట్టె పాత పేజీ చూపిచ్చింది. దాన్ని అట్ల పెట్టింది నేను. పాతవి వస్తాయని తలుపు మీద రాసి పెట్టల్ల. పెట్టలేదు."

నేను ఆయన వెనక అడుగు దూరంలో ఉన్నాను. పెట్టలేదు అన్న మాట విన్నాను. పెట్టాడు, పీకింది నేను అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నేను తల తిప్పి వీధి వైపు చూశాను.

రైతుకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. చేతిలో సుత్తి కింద పెట్టాడు. "అంటే, పిల్ల తప్పేం లేదా?" అని అడిగాడు. ఏం లేదన్నాడు ఆయన. రైతు అలాగే నేల చూస్తూ, "కొట్టినానే దాన్ని" అన్నాడు. "మొన్నట్నుంచి అన్నం తినల్యా."

ఆ పిల్ల గడపలో వచ్చి నిలబడింది. అంతా విన్నట్టుంది. ఆయన్ని ఒకే ఒక్క మాట అడిగింది.

"అయితే ఇప్పుడు సీటు ఇస్తారా?"

నా జీవితంలో చాలా మాటలు పడ్డాను. ఆ మాటంత బరువైనది ఇంకోటి లేదు. ఆయన, "పోయి అడుగుతా తల్లీ. ఇయ్యరు" అన్నాడు. ఆ పిల్ల లోపలికి వెళ్లిపోయింది. రైతు తిట్టలేదు, చెయ్యెత్తలేదు. ఎండన పడి వచ్చారు, నీళ్లు తాగి పోండి అన్నాడు. ఆ నీళ్లు నేనూ తాగాను.

తిరుగు బస్సులో సగం దారిలో అడిగాను, బోర్డు పెట్టలేదని ఎందుకు చెప్పావని. ఆయన నా వైపు తిరగలేదు.

"నువ్వు చెప్తావేమోనని కొంచేపు చూసినా అప్పా. చెప్పలేదు. ఎవురో ఒకరు చెప్పల్ల గదా."

చెప్పినట్టే ఆయన పెట్టె రాతలు ప్రింటు తీసుకుని కర్నూలు పోయి, రెండు రోజులు ఆఫీసు వరండాలో నిలబడ్డాడు. నెట్ సెంటరు తప్పుకు మేమేం చేస్తామని వాళ్లు పంపేశారు. వాళ్లన్నదీ నిజమే. ఆ తర్వాత ఆయన పనిలో తేడా లేదు గాని, పెట్టె మీద చెయ్యి పెట్టి చూడటం మానేశాడు. రెండు నెలలకు గది తాళం నా బల్ల మీద పెట్టి, ఇక రానన్నాడు. కారణం అడిగితే, "ఈ పనిలో దుమ్ము లేదనుకుంటి" అన్నాడు. నేను ఆపలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆయన పోతే బాగుండునని అప్పటికే అనుకుంటున్నాను. రోజూ ఆ ముఖం చూడటం నాకు కష్టంగా ఉండేది. సెంటరు ఇంకో మూడేళ్లు నడిచి, అందరివీ మూతపడినట్టే మూతపడింది.

ఆళ్లగడ్డలో ఆ మనిషి నన్ను షెడ్డు వెనక ఇంటికి తీసుకుపోయాడు. ఆయన భార్య బియ్యం ఏరుకుంటోంది. నంద్యాల నెట్ సెంటరు వాణ్ణని చెప్పగానే చాట పక్కన పెట్టి, లేచి, నాకు కుర్చీ వేసింది. చివరి ఏడాది ఆయన పడుకుని నిద్రపోయింది లేదని, గోడకానుకుని కూర్చునే ఊపిరి తీసుకునేవాడని చెప్పింది. ఆ పిల్ల మరుసటి ఏడు మళ్లీ రాసింది గాని ర్యాంకు రాలేదట. ఇప్పుడు గడివేముల దగ్గర ఒక పల్లెలో అంగన్‌వాడీలో పనిచేస్తోందట. ఆయన కర్మ రోజు వచ్చి, పొద్దంతా కూర్చుని పోయిందట.

తర్వాత ఆమె నా ముఖంలోకి చూసి అంది. "నీ గురించి శానా చెప్పేవాడు నాయనా. సెంటరు ఓనరు అయ్యుండి గూడా నాతోపాటు ఆ ఊరికొచ్చి, వాళ్ల ముందర తప్పు ఒప్పుకున్యాడు అని. అట్లాంటోళ్లు తక్కువ అని."

కుర్చీలో కూర్చోలేకపోయాను. ఇరవై ఏళ్లు, ఊపిరి ఆడని మనిషి, చేయని మంచిని నా పేరు మీద చెప్పుకుంటూ వచ్చాడు. ఆయన ఎవరి పగులు మీదా పూత పెట్టలేదు, నా పగులు మీద తప్ప. అబద్ధమని చెప్పకపోతే ఆ ఇంట్లో నేను కలకాలం మంచివాణ్ణి. అది తెలిసి కూడా చెప్పాను. నేను ఒప్పుకోలేదమ్మా, నోరు తెరవలేదు, బోర్డు ఆయన పెట్టాడు, పీకింది నేను, అన్నీ వరుసగా చెప్పాను. చెబుతూ ఏడ్చాను.

ఆమె ఓదార్చలేదు. తిట్టనూ లేదు. కొంగుతో చేతులు తుడుచుకుని, చాట ముందుకు లాక్కుని, తల వంచుకుని బియ్యం ఏరుతూ అంది.

"నాకు చెప్తే ఏమొస్తాది? ఆ పిల్లకు చెప్పుపో."

ఊరి పేరు కూడా చెప్పింది. నంద్యాల నుంచి గంట ప్రయాణం. రోజుకు మూడు బస్సులు ఉన్నాయి. నెల దాటింది, ఇంకా పోలేదు.